కొండ కనబడింది.. కాళ్ల కాడ పాము కనబడలేదు

మొన్న దసరాకు ఇండియా టికెట్లు తీసుకున్న రోజే ఊరికి ఫోన్ చేసి, ‘‘నాయనా, ఏం తెమ్మంటావు?’’ అని అడిగాను. ఎప్పుడడిగినా ‘‘ఏమీ వద్దు, మీరొస్తే చాలు’’ అనే మనిషి ఈసారి కాసేపు ఆగాడు. ‘‘మంచి బ్యాటరీ లైటు ఒకటి తే అబ్బీ. చెనక్కాయ చేనికి పందులు పడతాండాయి. రాత్రిళ్లు కావలికి పోతాండా’’ అన్నాడు.

మాది అనంతపురం జిల్లాలో కొండల పక్కన ఉన్న పల్లె. వేరుశనగ కాయ ఊరే సమయానికి అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగిందంటే తెల్లారేసరికి చేను దున్నేసినట్టు ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి మంచె మీద పడుకోవడం మాకెవరికీ ఇష్టం లేదు. చెబితే వినడు. వినడని తెలిశాక దూరాన ఉన్న కొడుకులు చేసే పనే నేనూ చేశాను. దొరికేవాటిలో గొప్పది ఏదో వెతికి కొన్నాను.

అలా ఫీనిక్స్‌లోని మా ఇంటికి ఒక చిన్న డబ్బా వచ్చింది. దాని మీద పెద్ద అంకెల్లో ‘2,000 మీటర్లు’ అని ఉంది. నా చిన్నప్పుడు ఇంట్లో మూడు సెల్లుల స్టీలు లైటు ఉండేది. అది వేస్తే వీధి చివర వేపచెట్టు మసకగా కనబడేది. దానికే ఊళ్లో మాకు ఒక హోదా. ఇప్పుడు రెండు కిలోమీటర్లంటే చెరువు కట్ట దాటి పక్క ఊరి గుడి దాకా అన్నమాట! ధర 200 డాలర్ల దగ్గర్లో ఉన్నా మా ఆవిడ కూడా ఏమీ అనలేదు.

ఆ వారాంతం నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి సూపర్‌స్టిషన్ కొండల కింద ఉన్న లాస్ట్ డచ్‌మన్ స్టేట్ పార్కుకు క్యాంపింగ్‌కు వెళ్లాం. పులిహోర, పెరుగన్నం ముగిశాక పిల్లలు చుట్టూ చేరారు. లైటు వేశాను. చేతిలోంచి సన్నటి తెల్లని కడ్డీ ఒకటి పుట్టి, చీకట్లో సూటిగా పోయి, ఎక్కడో దూరాన కొండ చరియకు తగిలింది. అక్కడ ఒక గుండ్రటి మచ్చ. ఆ మచ్చలో రాతి పగుళ్లు కూడా తెలుస్తున్నాయి. పెద్దవాళ్లం కూడా నోళ్లు తెరుచుకుని చూశాం.

ఇంతలో మా చిన్నోడు లైటు అందుకుని ఆకాశం వైపు తిప్పాడు. ఫీనిక్స్ విమానాశ్రయానికి దిగుతున్న విమానం ఒకటి దీపాలు మిణుకుమిణుకుమంటూ పోతోంది. వాడి చెయ్యి అటే వెళ్తోంది. గబుక్కున చెయ్యి పట్టి కిందికి లాగేశాను. వాడికి కోపం వచ్చింది. నేనెందుకు అంత కంగారు పడ్డానో అక్కడున్న పెద్దవాళ్లలో కూడా ఇద్దరు ముగ్గురికి అర్థం కాలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆవగింజంత వెలుగు

ఈ రకం లైట్లను లేజర్ ఎక్సైటెడ్ ఫాస్ఫర్ లైట్లు అంటారు. పొట్టిగా ఎల్ఈపీ. పేరులో లేజర్ ఉంది కాబట్టి లేజర్ కిరణమే బయటికొస్తుందని అనుకుంటారు. మామూలుగా పనిచేస్తున్నప్పుడు అలా రాదు. లోపల ఒక నీలి లేజర్ డయోడ్ ఉంటుంది. దాని కిరణం ఒక చిన్న పసుపు బిళ్ల మీద పడుతుంది. ఆ బిళ్లే ఫాస్ఫర్. చదువుకున్న రోజుల్లో విన్న ఫాస్ఫరస్ కాదు. సీరియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్ అనే పదార్థం. నీలి వెలుగును మింగి పసుపు వెలుగును కక్కుతుంది. మింగకుండా మిగిలిన నీలం, కొత్తగా పుట్టిన పసుపు కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తాయి. ఇంట్లో వాడే చాలా తెల్ల ఎల్ఈడీ బల్బుల్లో జరిగేదీ ఇదే.

మరి తేడా ఎక్కడ? వెలుగు పుట్టే చోటు వైశాల్యంలో. ఎల్ఈడీలో కొన్ని మిల్లీమీటర్ల ముక్క మొత్తం వెలుగుతుంది. ఎల్ఈపీలో లేజర్‌ను ఆవగింజకన్నా చిన్న చుక్క మీదికి గురిపెడతారు. అంత చిన్న చుక్కలోంచి అంత వెలుగు వస్తే, ముందు ఒక కటకం పెట్టి దాన్ని దాదాపు సమాంతరంగా పంపొచ్చు. చుక్క ఎంత చిన్నదైతే దారి అంత సన్నం. తోటకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే ధార అవతలి మొక్కదాకా పోతుంది చూడండి, కాస్త అలాంటిదే. నీళ్లు పెరగలేదు, ఒకచోటికి చేరాయి.

దీని వెనక జపాన్ కథ ఒకటి ఉంది. నీలి వెలుగునిచ్చే డయోడ్ కోసం ప్రపంచమంతా ఏళ్ల తరబడి తంటాలు పడుతుంటే, షికోకు దీవిలోని నిచియా అనే కంపెనీలో పనిచేసే షుజి నకమురా 1993లో బాగా వెలిగే నీలి ఎల్ఈడీని బయటపెట్టాడు. ఇసాము అకసాకి, హిరోషి అమనోలతో కలిసి ఆయనకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. అప్పటికి ఆయన కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా యూనివర్సిటీ ప్రొఫెసర్. ఆయన కూడా మనలాగే వలస వచ్చినవాడే. లేజర్‌తో తెల్ల వెలుగు తయారుచేసే ఎస్ఎల్‌డీ లేజర్ కంపెనీ వ్యవస్థాపకుల్లోనూ ఆయన ఒకరు. దాన్ని 2021లో జపాన్‌కే చెందిన క్యోసెరా కొనేసింది.

నోబెల్ వచ్చిన ఆ 2014లోనే బీఎండబ్ల్యూ ఐ8, ఆడి ఆర్8 ఎల్ఎంఎక్స్ కార్లు లేజర్ హై బీమ్‌తో రోడ్డెక్కాయి. ఇక్కడే నాకు ఒక విడ్డూరం కనిపిస్తుంది. అమెరికాలో కారు హై బీమ్ ఒక్కోదానికి 75 వేల కాండెలాలు మించకూడదన్న నిబంధన ఉంది. జేబులో పట్టే ఎల్ఈపీ లైటు పది లక్షలు దాటుతోంది. కారుకు ఉన్న కట్టడి చేతి లైటుకు లేదు. కాబట్టి కట్టడి మన చేతిలోనే ఉండాలి.

మంచె దాకా నడక

ఊరికెళ్లిన మూడో రాత్రి నాయనతో చేనికి బయలుదేరాను. కొత్త లైటు ఆయన చేతిలో ఉంది. బయలుదేరే ముందు ఇంటి ముందర నిలబడి కొండ మీద గుడి గోపురానికి వేశాడు. గోపురం తెల్లగా మెరిసింది. అరుగు మీద కూర్చున్న నలుగురూ లేచి నిలబడ్డారు. నాయన ముఖంలో అంత సంతోషం నేను చాలా ఏళ్లుగా చూడలేదు.

ఊరు దాటి గెనిమ మీదికి వచ్చాక వ్యవహారం మారింది. లైటు కిందికి వేస్తే కాళ్ల ముందు సాసరంత వెలుగు. ఆ సాసర్‌లో మట్టి తెల్లగా మండిపోతోంది. దాని చుట్టూ కటిక చీకటి. ఆ తెల్లటి మచ్చను చూసిన కళ్లకు చుట్టుపక్కల చీకటి మరింత చిక్కగా అనిపిస్తుంది. నాయన సాసర్‌ను అటూ ఇటూ జరుపుకుంటూ, కొత్తగా కర్ర పట్టుకున్న గుడ్డివాడిలా నడుస్తున్నాడు. నేను వెనక నడుస్తూ ఊరికే ఫోన్ లైటు వేశాను. ఆయన కుడికాలికి జానెడు దూరంలో, గెనిమ అంచున గడ్డిలో, చుట్టలు చుట్టుకుని ఉంది రక్తపింజర.

భుజం పట్టి వెనక్కి గుంజాను. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. అది బుసకొట్టి, తీరిగ్గా చేనులోకి పోయింది. ఫోన్ పట్టుకున్న నా చెయ్యి ఇంకా వణుకుతోంది.

కాసేపటికి నాయనే అన్నాడు. ‘‘ఇదేం లైటు రా అబ్బీ! కొండ మీద గుడిని చూపిస్తాంది, కాళ్ల కాడ పామును చూపీదే!’’

లైటు తప్పేమీ లేదు. అది దేనికి పుట్టిందో ఆ పని చక్కగా చేసింది. తప్పు నాది. నేను అంకె చూసి కొన్నాను, నాయన నడిచే దారి చూసి కొనలేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇవన్నీ నేను తర్వాత చదివాను. కొనేముందు చదివింది మాత్రం ఎన్ని మీటర్లు, ఎన్ని గంటలు, ఎన్ని స్టార్లు.

డబ్బా మీది మీటర్ల లెక్క

ఆ 2,000 మీటర్లు అనే మాట అబద్ధమా? కాదు. కానీ మనం అనుకునే అర్థం దానికి లేదు. టార్చిలైట్లను ఒకే పద్ధతిలో కొలవాలని అమెరికాలో 2009లో ఎఫ్ఎల్1 అనే ప్రమాణం తెచ్చారు. దాని ప్రకారం, లైటు వెలుగు 0.25 లక్స్‌కు పడిపోయే చోటు దాని దూరం. 0.25 లక్స్ అంటే నిర్మలమైన ఆకాశంలో నిండు పున్నమి వెన్నెల పాటి వెలుగు. ఎవరూ రెండు కిలోమీటర్లు నడిచి వెళ్లి కొలవరు. దగ్గర్లో కాండెలాలు కొలిచి లెక్క కడతారు. కాండెలాల వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి.

ఉదాహరణకు ఈ తరహా లైట్లలో పేరున్న ఏస్‌బీమ్ డబ్ల్యూ30 చూడండి. కంపెనీ చెప్పేది 14.5 లక్షల కాండెలాలు, 2,408 మీటర్లు. వర్గమూలం 1,204, దాన్ని రెట్టింపు చేస్తే 2,408. లెక్క సరిపోయింది. ఆన్‌లైన్‌లో పదిహేను డాలర్ల లైటు ‘5 కిలోమీటర్లు’ అంటే ఇదే లెక్క వెనక్కి కట్టండి. 62.5 లక్షల కాండెలాలు కావాలి! అక్కడే తెలిసిపోతుంది. మరో తిరకాసు, దూరం రెట్టింపు కావాలంటే కాండెలాలు నాలుగింతలు కావాలి. అందుకే 1,000 మీటర్ల లైటుకు, 2,000 మీటర్ల లైటుకు ధరలో అంత తేడా.

పున్నమి వెన్నెల అక్కడ పడుతుంది, సరే. కానీ ఆ వెలుగు పందికి తగిలి, తిరిగి మన కంటికి రావాలి కదా. వచ్చేది చాలా కొంచెం. మధ్యలో దుమ్ము, తేమ ఉంటే కిరణమే తెల్లటి తెరలా కంటికి అడ్డం వస్తుంది. ఎడారిలో నేను గమనించిన తమాషా ఒకటుంది. లైటు పట్టుకున్న నాకంటే, నాలుగడుగులు పక్కన నిలబడ్డ మా మిత్రుడికే కొండ స్పష్టంగా కనిపించింది. అంత దూరాన ఏముందో నిజంగా పోల్చుకోవాలంటే బైనాక్యులర్ కావాలి.

ఇక వెడల్పు. ఆ డబ్ల్యూ30 వెలుగు మొత్తం 500 ల్యూమెన్లే. గదిలో వేసుకునే మామూలు బల్బు అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. ఆ కొంచెం వెలుగును 14.5 లక్షల కాండెలాలకు పిండితే, సుమారుగా నా లెక్కలో కిరణం వెడల్పు 1.2 డిగ్రీలు. వంద మీటర్ల దూరంలో రెండు మీటర్ల వృత్తం. కిలోమీటరు దూరంలో 21 మీటర్లు. కాళ్ల దగ్గర సాసర్. సముద్రంలో పడవల వాళ్లకు, కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే దళాలకు, పెద్ద పొలాల అంచు కంచెలు చూసుకునేవాళ్లకు ఇది వరం. గెనిమ మీద నడిచే రైతుకు, చీకట్లో కుక్కను తిప్పే మనకు, కరెంటు పోయిన ఇంటికి ఇది పనికిరాదు. నడకకు కావలసింది వెడల్పాటి వెలుగు. నుదుటికి కట్టుకునే 300 ల్యూమెన్ల హెడ్‌ల్యాంప్ దీనికన్నా వెయ్యి రెట్లు నయం, ధర నాలుగో వంతు కూడా ఉండదు. పైగా రెండు చేతులూ ఖాళీ.

కొన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఈ లైటును విప్పి చూడాలన్న సరదా వద్దు. లోపలి ఫాస్ఫర్ బిళ్ల పగిలినా, జరిగినా, ముడి నీలి లేజర్ నేరుగా బయటికి రావచ్చు. అది కంటికి శాశ్వతంగా హాని చేయగలదు. కింద పడ్డాక వెలుగు నీలంగా మారితే ఆపేసి పక్కన పెట్టేయండి. బాగున్న లైటునైనా మనిషి ముఖం మీద వేయకూడదు. ఇండియాకు తీసుకెళ్లేటప్పుడు విడి లిథియం సెల్లులు చెకిన్ సూట్‌కేసులో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఒక్కోదాన్ని విడిగా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. సెల్ పరిమాణం గురించి బెంగ అక్కర్లేదు. 5,000 ఎంఏహెచ్ సెల్ అంటే 18 వాట్ అవర్లే, విమానాల్లో మామూలు పరిమితి 100. లైటులోనే సెల్ ఉంటే వెనక మూత అర చుట్టు వదులు చేయండి, సంచిలో దానంతటది వెలగదు.

ఆకాశం వైపు మాత్రం వద్దు

ఇప్పుడు చిన్నోడి సంగతి. పైలట్ల కళ్లలో లేజర్లు కొట్టిన ఘటనలు అమెరికాలో ఒక్క 2023లోనే 13,304 నమోదయ్యాయి. విమానం మీదికి లేజర్ పాయింటర్ గురిపెట్టడం 2012 నుంచి ఇక్కడ ఫెడరల్ నేరం. అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఎల్ఈపీ లైటు పాయింటర్ కాదు, తెల్ల లైటు కదా అని వాదించే వాళ్లున్నారు. రాత్రిపూట దిగుతున్న విమానంలో, చీకటికి అలవాటు పడ్డ పైలట్ కంటికి ఆ తేడా తెలియదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకైతే చట్టం ఇంకా సూటిగా ఉంది. లేజర్ అనే మాటతో పనిలేదు, పైలట్ కళ్లు చెదిరేలా ఎలాంటి లైటునూ విమానం మీదికి వేయకూడదు. మరో సంగతి, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో రాత్రిపూట జింకల మీదికి స్పాట్‌లైట్ వేయడం మీద ఆంక్షలున్నాయి. క్యాంపింగ్‌లో సరదాకే వేశామన్నా అధికారికి వేటలా కనిపించవచ్చు.

చిన్నోడికి ఇవన్నీ ఆ రాత్రే చెప్పలేదు. మరుసటి రోజు పొద్దున కారులో చెప్పాను. ఫోన్ ఫ్లాష్ కంట్లో పడితే క్షణం సేపు ఏమీ కనపడదు కదా, ఆ సమయంలో నువ్వు సైకిల్ తొక్కుతుంటే ఏమవుతుంది అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘‘విమానంలో తాతయ్య ఉంటే?’’ అన్నాడు. ఆ తర్వాత వాడు లైటును పైకి ఎత్తలేదు.

ఊళ్లో కథ అక్కడితో ఆగలేదు. మర్నాడే అనంతపురం పోయి హెడ్‌ల్యాంప్ ఒకటి కొన్నాను. తలకు కట్టుకోవడానికి నాయన మొదట సిగ్గుపడ్డాడు. ‘‘గనిలో కూలీ మాదిరి ఉండా’’ అన్నాడు. రెండు రాత్రుల తర్వాత అదే లేకుండా గడప దాటలేదు. రబ్బరు బూట్లు కూడా తొడిగించాం, దానికి వారం పట్టింది.

ఎల్ఈపీని మాత్రం మూలన పడేయలేదు. అది మంచె మీద ఉండిపోయింది. మంచె ఎక్కి కూర్చున్నాక చేను ఆ చివర గెనిమ మీద కదలిక ఏదైనా కనిపిస్తే అటు వేస్తాడు. ముప్పావు కిలోమీటరు అవతల మరో మంచె మీద వరసకు మామ అయ్యే ఆయన కావలి ఉంటాడు. ఇద్దరూ ఒక కట్టడి పెట్టుకున్నారు. మంచె పక్కనున్న చింతచెట్టు కొమ్మల మీద రెండుసార్లు వేస్తే, పందులు నీ వైపు వస్తున్నాయని. మూడుసార్లు వేస్తే, టీ తాగుదాం రమ్మని. మనిషి మీద వేయొద్దని నేను చెప్పింది ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అడిగాడు. ‘‘అబ్బీ, ఈసారి వచ్చేటప్పుడు ఆ తలకాయకు కట్టుకునే లైటు ఇంకోటి తే. మీ మామ అడగతాండాడు.’’

‘‘మరి పొడుగు లైటు వద్దా మామకు?’’

‘‘వద్దంట. టీ తాగే టయానికి నేను పిలుస్తాండా కదా అన్నాడు.’’